అరవై ఒకటో గడి దగ్గర

మా శ్రీకాకుళం పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తరువాత ఏడు అనరు. ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అంటారు. వంశధార పక్కన కళ్లంలో తాతయ్య అలా పాడినట్టుగా లెక్కపెట్టడమే నేను విన్న మొదటి గణితం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపుల మీదే నడిచేది.

చదరంగం కనిపెట్టినవాడు రాజును బల్ల నిండా గింజలు అడిగిన కథా రెట్టింపులదే. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. అరవై నాలుగు గడులూ నిండేసరికి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే నాలుగు వందల యాభై ఏళ్ల పైచిలుకు పంట!

కథ చెప్పేవాళ్లు రాశి ఎంత పెద్దదో చెప్పి ఊరుకుంటారు. దాన్ని గింజ మిగలకుండా సమానంగా పంచగలమా అని అడగరు. నాకు ఆ ప్రశ్నే ఇష్టం.

పై సంఖ్యలోని అంకెలన్నీ కూడండి, 87 వస్తుంది. కనుక ముగ్గురికి సరిగ్గా పంచవచ్చు, తొమ్మిది మందికి కుదరదు. చివరి అంకె 5 కాబట్టి అయిదుగురికీ కుదురుతుంది. ఇంకా లోపలికి వెళ్లాలంటే ఒక సంగతి గమనించాలి. ప్రతి గడిలోనూ అంతకుముందు గడులన్నిటిలో ఉన్నవాటికంటే ఒక్క గింజే ఎక్కువ. అందువల్ల మొత్తం రాశి 2ను 64 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేసినంత. వర్గంలోంచి ఒకటి తీస్తే అది రెండు ముక్కలుగా, a² − 1 = (a − 1)(a + 1)గా, విడిపోతుందని బడిలోనే నేర్చుకున్నాం. ఆ సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297 వస్తుంది. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని, అంటే ఒకటీ తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేనివేనని, పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా భావించాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఆ చివరిదాన్ని 641 × 67,00,417గా విడగొట్టాడు. ఇలా ఏడు ప్రధాన సంఖ్యలు దొరికాయి కాబట్టి ఈ రాశిని గింజ మిగలకుండా 128 రకాలుగా పంచవచ్చు.

ఇప్పుడు మూడు గడులు వెనక్కి రండి. అరవై ఒక్క గడుల మొత్తం 23,05,84,30,09,21,36,93,951. ఇది ప్రధాన సంఖ్య. ఇద్దరు పంచుకోబోయినా, ఊరంతా పంచుకోబోయినా ఎన్నో కొన్ని గింజలు మిగిలిపోతాయి. ఎన్ని గడుల మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో చెబుతూ 1644లో ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ ప్రకటించిన జాబితాలో 61 లేదు. ఉండకూడని 67 ఉంది. 61 సంగతిని 1883లో రష్యాలోని యూరల్ ప్రాంతపు చర్చి మతగురువు పెర్వూషిన్ నిరూపించాడు. 67 గడుల మొత్తాన్ని 1903లో అమెరికా గణితవేత్త కోల్ 19,37,07,721 × 7,61,83,82,57,287గా విడగొట్టి చూపించాడు.

గడుల లెక్క ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన మొత్తమూ ప్రధాన సంఖ్య కానక్కరలేదు. పదకొండు గడుల మొత్తం 2047, అంటే 23 × 89. అందుకే ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. లూకా, లేమర్ అనే గణితవేత్తల పేరుతో ఉన్న పరీక్షను అయిదు గడుల మొత్తమైన 31 మీద కాగితంపై చేసి చూడండి. 4తో మొదలుపెట్టి వర్గం చేసి 2 తీసేస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194. దాన్ని 31తో భాగిస్తే మిగిలేది 8. ఇంకోసారి చేస్తే 62, శేషం సున్నా. అంటే 31 ప్రధాన సంఖ్యే. అరవై ఒక్క గడులకు ఇదే పనిని 59 సార్లు చేయాలి.

అరవై రెండో గడి నిండగానే రాశి మళ్లీ ముగ్గురికి సరిపోతుంది. అరవై మూడోది నిండితే, తాతయ్య మాటలో చెప్పాలంటే, ఆరున్నొక్క భాగాలకు.