బొడ్డు జారిందా, అయోర్టా ఉబ్బిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో స్కానింగ్ రూంలో కూర్చునే రేడియాలజిస్టుని. మా దగ్గరికొచ్చేవాళ్ళ నోట రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: "బొడ్డు జారింది డాక్టరుగారూ, అందుకే దడదడ కొట్టుకుంటంది."

వాస్తవం: బొడ్డు యాడికీ జారదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా వెన్నెముక ముందు నుంచి కిందికి దిగి దాదాపు బొడ్డు దగ్గరే రెండుగా చీలుద్ది, బక్కగా ఉన్నవాళ్ళకి అది కొట్టుకోవడం చేతికి తెలవడం మామూలే. కానీ అరవై దాటి, చుట్టో బీడీయో అలవాటున్న మనిషికి అక్కడ కొత్తగా, వెడల్పుగా కొట్టుకుంటంటే పొట్ట తోమించుకోడానికి పోవద్దు, ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. అక్కడ నాళం వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు, 3కి వచ్చిందంటే అన్యూరిజం అంటాం. పాత సైకిల్ ట్యూబు ఒకచోట పల్చబడి బుడ్డలా ఉబ్బుద్దే, అట్టా.

అపోహ: "ఈసీజీ, ఎకో రెండూ నార్మల్, ఇంకేముంటది?"

వాస్తవం: ఈసీజీలో ఇది తెలవదు. ఎకోలో ఛాతీలో అయోర్టా మొదలు కనపడుద్ది గానీ పొట్టలోది చూడాలంటే పొట్ట స్కానే, సూది లేదు, నొప్పి లేదు, ఐదు పది నిమిషాల పని. పరగడుపున రమ్మంటే ఇడ్లీ తిని టీ తాగి వస్తారు, పేగుల్లో గ్యాసు అడ్డమొచ్చి నాళం కనపడదు, ప్రోబు పెట్టి గట్టిగా నొక్కితే "అబ్బా" అని మళ్ళీ నన్నే అంటారు!

అపోహ: "చుట్ట మానేసి పదేళ్ళయింది, ఇంక నాకెందుకొస్తది?"

వాస్తవం: మానేయడం చాలా మంచిది, ముప్పు తగ్గుద్ది, కానీ సున్నా కాదు. అమెరికాలో 65 నుంచి 75 ఏళ్ళ మగవాళ్ళలో ఎప్పుడన్నా పొగతాగిన ప్రతివాళ్ళకీ ఒక్కసారి ఈ స్కాన్ చేయమంటారు, మానేసినా సరే. కందుకూరు, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల చుట్టూ బతికే మనకి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి, పొగాకు పండించడం వేరు, తాగడం వేరు. విచిత్రం ఏందంటే షుగర్ ఉన్నవాళ్ళలో పొట్టలో ఈ నాళం ఉబ్బడం తక్కువ, అట్టాగని షుగర్ మాత్రలు మానేస్తారేమో, ఆ పని చేయొద్దు.

అపోహ: "ఉబ్బు ఉందంటే రేపో మాపో పగిలిపోద్ది, వెంటనే కోయించాలి."

వాస్తవం: సైజు చూసి చెప్తాం. పొట్టలోదైతే మగవాళ్ళకి 5.5, ఆడవాళ్ళకి సుమారు 5 సెంటీమీటర్లు వచ్చేదాకా సాధారణంగా ఆగుతాం. అంతకన్నా చిన్నవాటికి ముందే ఆపరేషన్ చేసినా ఆయుష్షు పెరగలేదని బ్రిటన్, అమెరికా పరిశోధనల్లో తేలింది. ఈలోపు బీపీ అదుపులో పెట్టి, పొగ మానేసి, 4 దాటితే ఏడాదికోసారి, 5 దాటితే ఆర్నెల్లకోసారి స్కాన్. తొందరగా పెరుగుతున్నా, నొప్పి మొదలైనా మాత్రం ఆగేది లేదు.

అపోహ: "నడుము నొప్పి కదా, కిడ్నీలో రాయే అయ్యుంటది."

వాస్తవం: ఇదీ నాకు భయం. పెద్ద వయసులో మొదటిసారి, ఉన్నట్టుండి నడుములోనో కడుపులోనో విపరీతమైన నొప్పి, చెమటలు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇవి ఉంటే నాళం ఉబ్బు పగిలుండొచ్చు, బార్లీ నీళ్ళు తాగుతా ఇంట్లో పడుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికే పోండి. పగిలాక చాలామంది ఆసుపత్రి దాకా కూడా రాలేరు.

అపోహ: "స్టెంటు వేశారు, ఇక స్కానులెందుకు?"

వాస్తవం: ఇది గుండెకి వేసే స్టెంటు కాదు. గజ్జ దగ్గర రక్తనాళం నుంచి గుడ్డ తొడిగిన గొట్టాన్ని పంపి ఉబ్బు లోపల పరుస్తారు, 1990లో అర్జెంటీనాలో పరోడీ అనే సర్జన్ మొదలుపెట్టిన పద్ధతి. పొట్ట పెద్దగా కోయక్కర్లేదు, తొందరగా ఇంటికి పోతారు, కాకపోతే గొట్టం పక్కనుంచి రక్తం లీకయి ఉబ్బు మళ్ళీ పెరగొచ్చు కాబట్టి జీవితాంతం చూపించుకుంటా ఉండాలి. పొట్ట కోసి గొట్టం కుట్టినవాళ్ళకి ఆ బెడద తక్కువ, కోలుకోడానికే టైం ఎక్కువ.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, ఫిల్ములు తీసుకురండి, పోయినేడాది ఎంతుందో తెలవకపోతే ఈరోజు 4.6 అన్న అంకెతో సగం పనే అవుద్ది. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో నడుస్తది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకీ చెప్పండి, పరగడుపున రమ్మనండి.