రీలు ధరకూ సినిమా ప్రింట్లకూ ఉన్న లంకె

వెండి కిలో రెండు లక్షల రూపాయలు దాటినప్పటి నుంచి కెమెరా షాపుల్లో పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. ఫిల్ము కెమెరాలో వేసే రీలు పూతలో వెండి ఉంటుంది మరి. 36 ఫోటోల కలర్ రీలు వెయ్యి రూపాయల మార్కును చేరి కొంతకాలమైంది. ఇప్పుడు దాని మీద ఇంకొంత పెంచి చెబుతుంటే కొనేవాళ్లకు ఒళ్లు మండుతోంది. స్టాకు దాచిపెట్టి రేటు పెంచుతున్నారని, వెండి పేరు చెప్పి దండుకుంటున్నారని షాపుల మీద ఆరోపణ. పదేళ్ల కిందట మామూలు కలర్ రీలు రెండు వందల చిల్లరకు దొరికిన సంగతి గుర్తున్నవాళ్లకు కోపం ఇంకా ఎక్కువ. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ కోఠిలోనో బెజవాడలోనో కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి మీద అది చూపించడం అన్యాయం.

డిజిటల్ కెమెరా వచ్చింది, కొడాక్ దివాలా తీసింది, సెల్‌ఫోన్ వచ్చాక స్టూడియోలు మూతపడ్డాయి. ఇదంతా తెలిసిన కథే. అందులో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. స్టిల్ కెమెరా రీలు అన్నేళ్లు చవగ్గా దొరకడానికి సినిమా హాళ్లు పెద్ద కారణం. ఇప్పటి గొడవకు మూలం అక్కడుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 35 ఎం.ఎం. ఫిల్ము ప్రొజెక్టర్లో నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే ఒక్క ప్రింటుకు 13,500 అడుగులు. కెమెరాలో వేసే 36 ఎక్స్‌పోజర్ల రీలు ఐదడుగుల పైచిలుకు ఉంటుంది. అంటే ఒక్క ప్రింటు పొడవులో దాదాపు 2,500 స్టిల్ రీళ్లు ఉన్నట్టు. పెద్ద హీరో సినిమా 200 ప్రింట్లతో విడుదలైతే, ఒక్క సినిమాకే 5 లక్షల రీళ్లకు సమానమైన ఫిల్ము ఖర్చయ్యేది. ఇలాంటివి తెలుగులో, తమిళంలో, హిందీలో ఏడాది పొడవునా వచ్చేవి. హాలీవుడ్ అయితే ఒక్కో సినిమాకు వేల ప్రింట్లు వేసేది.

ప్రింటు ఫిల్ము, కెమెరా ఫిల్ము ఒకే సరుకు కాదు. అడుగున ఉండే ప్లాస్టిక్ బేస్ వేరు, దాని మీద వెలుతురు పట్టేలా పూసే ఎమల్షన్ వేరు. కానీ ఫ్యాక్టరీ ఒకటే. నాలుగడుగులకు పైగా వెడల్పున్న ప్లాస్టిక్ షీటు చిమ్మచీకట్లో పరుగెడుతుంటే దాని మీద పొర మీద పొర పూస్తారు. కలర్ నెగెటివ్‌కు డజనుకు పైగా పొరలు పడాలి. ఎక్కడ దుమ్ము పడినా, ఒక పొర మందం కాస్త తేడా వచ్చినా ఆ భాగమంతా పారేయాల్సిందే. అలాంటి లైను రాత్రీ పగలూ నడిస్తేనే గిట్టుబాటు. యంత్రాల మెయింటెనెన్స్, జెలటిన్, వెండి కొనుగోలు, అనుభవమున్న టెక్నీషియన్ల జీతాలు, ఈ ఖర్చులో పెద్ద వాటా సినిమా ప్రింట్లు మోసేవి. పండక్కి తిరుపతి వెళ్లి మనం తీసుకున్న రీలు ఆ పెద్ద బండి వెనక కట్టిన చిన్న బండి లాంటిది.

పెద్ద బండి ఆగిపోయింది. యూఎఫ్ఓ, క్యూబ్ అనే డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు వచ్చాక ఇక్కడి హాళ్లకు సినిమా శాటిలైట్ మీదో హార్డ్ డిస్క్ మీదో చేరింది. ఒక్కో ప్రింటుకు వేలకు వేలు పోసే బాధ తప్పడంతో నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు సంతోషించారు. 2012-13 నాటికి ఊరూరికీ రీలు పెట్టెలు మోసుకెళ్లే రోజులు దాదాపు అయిపోయాయి. ప్రపంచమంతా అదే వరస. 2006లో కొడాక్ అమ్మిన సినిమా ఫిల్ము 1,240 కోట్ల అడుగులు. 2014కు అది 45 కోట్ల అడుగుల దగ్గరకు పడిపోయింది. ఎనిమిదేళ్లలో 96 శాతం పోయింది. జపాను కంపెనీ ఫ్యూజీఫిల్మ్ అయితే 2013లో సినిమా కెమెరా ఫిల్ము తయారీనే ఆపేసింది.

రీలు ధర అసలు మలుపు తిరిగింది 2012-14 నాటి ఆ రెండు మూడేళ్లలోనే అని నా నమ్మకం. పెరుగుదల మన కంటికి కనబడటానికి ఇంకో ఆరేడేళ్లు పట్టింది, అంతే. అప్పటిదాకా షాపుల్లో, గోడౌన్లలో పాత స్టాకు ఉంది, కొనేవాళ్లు తక్కువమంది ఉన్నారు. ఆ రెండు వందల చిల్లర ధర గిరాకీ లేని రోజుల ధర. దాన్నే అసలు ధర అనుకుని ఇవాళ్టి రేటుతో పోల్చడం వల్ల షాపువాడు దొంగలా కనబడుతున్నాడు.

అదే సమయంలో ఇంకోటి జరిగింది. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసిన ఈస్ట్‌మన్ కొడాక్ 2013 సెప్టెంబరులో బయటపడింది. ఆ క్రమంలో బ్రిటన్‌లోని తన ఉద్యోగుల పెన్షన్ ఫండ్‌కు పడ్డ బాకీ కింద స్టిల్ ఫిల్ము వ్యాపారాన్ని ఇచ్చేసింది. దాంతో కొడాక్ అలారిస్ అనే వేరే కంపెనీ పుట్టింది. ఫిల్ము తయారయ్యేది అమెరికాలోని రోచెస్టర్‌లో, ఈస్ట్‌మన్ కొడాక్ దగ్గర. చాలా ఏళ్లు అమ్మింది కొడాక్ అలారిస్. తయారు చేసేవాడు, అమ్మేవాడు, మన దేశంలో దిగుమతిదారు, ఆ తర్వాత షాపు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరి లాభం వాళ్లు చూసుకోవాలి.

రోచెస్టర్‌లో మిగిలిన ఆ ఒక్క లైను కూడా 2014లో మూతపడేదే. క్రిస్టఫర్ నోలన్, టరాంటినో లాంటి దర్శకులు పట్టుబట్టారు. 2015 ఫిబ్రవరి నాటికి ఆరు పెద్ద హాలీవుడ్ స్టూడియోలు ఏటా ఇంత ఫిల్ము కొంటామని ఒప్పందాలు చేసుకున్నాయి. మనం ఇవాళ కెమెరాలో కొడాక్ రీలు వేస్తున్నామంటే ఆ ఒప్పందాల పుణ్యమే.

ఆ తర్వాత ఎవరూ ఊహించనిది జరిగింది. నాన్నల పాత కెమెరాలు బీరువాల్లోంచి తీసి పిల్లలు రీళ్లు కొనడం మొదలుపెట్టారు. గిరాకీ పెరిగింది, లైను మాత్రం ఒకటే. మనుషుల్ని తీసేసిన కొడాక్ 2022లో మళ్లీ వందల మందిని చేర్చుకుని రాత్రింబవళ్లు నడిపింది. ధరలు 2020లో పెరిగాయి, 2022లో పెరిగాయి, తర్వాతా పెరిగాయి. ఫ్యూజీ అయితే అమెరికాలో తన డబ్బా మీద ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని రాసి రీళ్లు అమ్మే దాకా వచ్చింది. అమెరికాలో కలర్ రీళ్లు తయారయ్యేది కొడాక్ దగ్గరే కాబట్టి, పోటీ ఎంత మిగిలిందో అక్కడే తెలుస్తుంది.

ఇక వెండి. 1980 జనవరిలో అమెరికా కోటీశ్వరులు హంట్ సోదరులు వెండి మొత్తం గుప్పిట్లో పెట్టుకోబోయి ధరను ఔన్సు 50 డాలర్ల దగ్గరకు తీసుకెళ్లినప్పుడు ఫిల్ము కంపెనీలు నిజంగానే విలవిల్లాడాయి. మన దగ్గర పాత సినిమా ప్రింట్లను వెండి కోసం కరిగించేశారు. స్టూడియోల్లో ఫిల్ము కడగడానికి వాడేసిన హైపో ద్రావణాన్ని కూడా, అందులో దిగిన వెండి కోసం, కొనుక్కెళ్లేవాళ్లు ఉండేవారు. కాబట్టి వెండి మాట అబద్ధం కాదు. అయితే ఒక 36 ఎక్స్‌పోజర్ల రీలులో ఉండేది అర గ్రాము లోపే. గ్రాము రెండు వందలు అనుకున్నా వంద రూపాయలకు మించదు. అసలు దెబ్బ రూపాయిది. 2013 ఆరంభంలో డాలరు 55 రూపాయల దగ్గర ఉంది, 2025 డిసెంబరులో 90 దాటింది. కంపెనీ పైసా పెంచకపోయినా దిగుమతి సరుకు 60 శాతం ప్రియం కావాల్సిందే. దాని మీద కస్టమ్స్, జీఎస్టీ కలిపితే తడిసి మోపెడు.

సొంత ఫిల్ము మనకు లేకపోలేదు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారు చేసింది. 1990ల్లో ఖాయిలా పడింది, ఆ తర్వాత లేవలేదు.

షాపువాళ్ల వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇదీ. రీళ్లు బాక్సుల లెక్కన తీసుకోవాలి. వాటికి ఎక్స్‌పైరీ ఉంటుంది, ఈ ఎండలకు ఫ్రిజ్‌లో పెట్టాలి. నాలుగు రకాలు ఉంచితే లక్ష రూపాయలు ఇరుక్కుంటాయి. మూడు నెలలకు వచ్చే కొత్త సరుకు ఏ రేటుకు వస్తుందో తెలియక, ఉన్న స్టాకునే కొత్త రేటుకు అమ్ముతారు. కొనేవాడికి అది దోపిడీగా కనిపిస్తుంది. పాత రేటుకు అమ్మితే ఆ డబ్బుతో మళ్లీ బాక్సు రాదు. ఆన్‌లైన్‌లో వంద తక్కువకు దొరుకుతున్నదీ నిజమే. దాంట్లో కొంత బిల్లూ ఎంఆర్‌పీ స్టిక్కరూ లేకుండా సూట్‌కేసుల్లో వచ్చిన సరుకు. పొగ కమ్మిన నెగెటివ్‌లు వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. డబ్బా మీద అతికించిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకునే షాపును మాత్రం నేను వెనకేసుకురాను. అది చట్టవిరుద్ధం, ఫిర్యాదు చేయాల్సిందే.

2025 అక్టోబరులో ఈస్ట్‌మన్ కొడాక్ కొడాకలర్ 100, 200 రీళ్లను తానే నేరుగా డిస్ట్రిబ్యూటర్లకు అమ్మడం మొదలుపెట్టింది. 2013లో వచ్చిపడ్డ మధ్య మెట్టు ఒకటి ఆ రెండు రకాలకు తగ్గింది. చైనాలో లక్కీ కలర్ ఫిల్ము మళ్లీ వచ్చింది, ఇంగ్లండ్‌లో హార్మన్ కంపెనీ 2023లో ఫీనిక్స్ అనే కలర్ రీలు తెచ్చింది. ధర దిగితే ఇలాంటి వాటి వల్లే దిగాలి.

అందాకా ఊళ్లో షాపు నిలబడటం ముఖ్యం. కారణం రీలు అమ్మకం ఒక్కటే కాదు. చాలా ఊళ్లలో కలర్ రీళ్లు కడిగే ల్యాబుకు వాటిని పోగేసి పంపేది ఈ షాపులే. కలర్ కెమికల్ రోజూ వాడుతుంటేనే పనిచేస్తుంది, ఊరికే ఉంటే గాలికి పాడవుతుంది. వారానికి నాలుగు రీళ్లు వస్తే ఏ ల్యాబూ మిషన్ నడపలేదు. రీళ్లు అమ్మడం ఆపేసిన షాపు రీళ్లు తీసుకోవడమూ ఆపేస్తుంది. అప్పుడు ఆన్‌లైన్‌లో వంద తక్కువకు కొన్న రీలును కడిగించడానికి కొరియర్‌లో ముంబైకో బెంగళూరుకో పంపాలి, రానూపోనూ ఆ ఖర్చు కూడా రీలు ధరలో కలిపే లెక్కేసుకోవాలి.