బ్యాండ్ వద్దన్న గాయని

గాయని రీటా లీ ఓస్ ముటాంటెస్ బ్యాండును వదిలి వెళ్లారా, బ్యాండే ఆమెను వెళ్లగొట్టిందా? బ్రెజిల్ రాక్ సంగీతంలో 1972 నుంచి నలుగుతున్న తగువు ఇది. 2023 మే 8న, 75 ఏళ్ల వయసులో కన్నుమూసిన రీటా మాత్రం తన మాట తాను చెప్పే వెళ్లారు. ఇకపై ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, క్లిష్టమైన వాద్య సంగీతంతో నడిచే రాక్) వాయిస్తామని, అందుకు తగిన వాద్య నైపుణ్యం ఆమెకు లేదని చెప్పి బ్యాండు వాళ్లే పంపేశారట. 2016 నాటి ఆత్మకథలో ఆ సంగతి దాచుకోకుండా రాశారు.

ఆర్నాల్డో బాటిస్టా, సెర్జియో డియాస్ అన్నదమ్ములతో రీటా జట్టు కట్టింది 1966లో, సావో పాలోలో. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకోవడమే తప్పన్నట్టు ఉండేది అప్పటి వాతావరణం. 1967 జూలైలో ఆ వాద్యానికి వ్యతిరేకంగా ఏకంగా ఊరేగింపే తీశారు. ముందు నడిచింది మేటి గాయని ఎలిస్ రెజీనా. గాయకుడు జిల్బెర్టో జిల్ కూడా అందులో ఉన్నారు. తమాషా ఏమిటంటే, మూడు నెలలు తిరిగేసరికి అదే జిల్ ఈ ముగ్గురినీ, వాళ్ల గిటార్లనూ వెంటబెట్టుకుని టీవీ రికార్డ్ అనే చానెల్ పాటల పోటీలో రెండో బహుమతి కొట్టారు.

వాళ్ల గిటార్లు, గిటార్ ధ్వనిని మార్చే పెడళ్లు చాలావరకు ఆ అన్నదమ్ముల పెద్దన్న క్లాడియో సీజర్ ఇంట్లో తయారుచేసినవే. 1968 నాటి తొలి ఆల్బంలో ఒక పాటకైతే హై-హ్యాట్ తాళాల బదులు పురుగుల మందు పంపు కొట్టి ఆ చప్పుడు తీశారు. అదే ఏడాది సెప్టెంబరులో గాయకుడు కాయెటానో వెలోజో వెనుక వాయిస్తుంటే ప్రేక్షకులు నిరసనగా ఈలలు వేసి వీపు తిప్పారు. ముటాంటెస్ కూడా అటు తిరిగి, వాళ్లకు వీపు చూపిస్తూనే వాయించారు. డిసెంబరులో సైనిక ప్రభుత్వం కోరలు చాచింది. జిల్, వెలోజో జైలు పాలై, ఆ తర్వాత లండన్‌కు ప్రవాసం పోయారు.

అండగా నిలిచినవాళ్లు దూరమయ్యాక బ్యాండు చూపు బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ మీదికి మళ్లింది. ఆర్నాల్డోతో రీటా కాపురమూ నిలవలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1972లో ఆమె సోలో ఆల్బంగా వచ్చిన రెండో రికార్డును వాయించింది బ్యాండు మొత్తం. ఒకే ఏడాదిలో ముటాంటెస్ పేరుతో రెండు ఆల్బంలు వేయడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో దాన్ని రీటా పేరుతో విడుదల చేశారు. రికార్డు అమ్ముకోవడానికి పనికొచ్చిన పేరు, వేదిక మీదికి వచ్చేసరికి చాలలేదన్నమాట!

ఆ తర్వాత కూడా ఆమె ఒంటరిగా పాడింది లేదు. టుట్టి ఫ్రుట్టి అనే జట్టుతో 1975లో చేసిన 'ఫ్రుటో ప్రొయిబిడో' ఆల్బం ఆమెను దేశమంతటా ఇంటింటి పేరు చేసింది. మరుసటి ఏడాది, గర్భవతిగా ఉండగా, గంజాయి కేసులో పోలీసులు అరెస్టు చేశారు. అప్పుడు పసివాడైన కొడుకును వెంటబెట్టుకుని జైలుకు వచ్చి పలకరించింది ఎవరనుకున్నారు? గిటార్ వద్దని ఊరేగిన ఎలిస్ రెజీనాయే.

1979 నుంచి భర్త రాబెర్టో డి కార్వాల్యోతో కలిసి కట్టిన పాప్ పాటలతో రీటా దశ తిరిగింది. 1980 నాటి 'లాన్సా పెర్ఫూమె' పాట ఫ్రాన్స్ దాకా మోగింది. 2006లో ముటాంటెస్ మళ్లీ కలిసి లండన్ బార్బికన్ వేదిక ఎక్కినప్పుడు రీటా వెళ్లలేదు. ఆమె పాటలను గాయని జెలియా డంకన్ పాడారు.