బ్లడ్ క్యాన్సర్ పరిశోధన: నేను వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

నేను హెమటాలజిస్టుని, అంటే రక్తానికి వచ్చే జబ్బులు చూసే డాక్టర్‌ని. ల్యుకేమియా, లింఫోమా, మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్ల రోగులకు వైద్యం చేస్తాను. అవే జబ్బుల మీద పరిశోధన కూడా చేస్తాను. ఈ రెండో మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. రోగి బంధువులైతే కాస్త భయంగా చూస్తారు, మెడిసిన్ చదివే పిల్లలైతే ఆరాధనగా చూస్తారు. వాళ్ల నోట తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: పరిశోధన అంటే ల్యాబ్‌లో కూర్చుని చేసేది. అలాంటి డాక్టర్‌కి రోగుల్ని చూసే టైం ఉండదు.

నా వారంలో ఎక్కువ గంటలు ఓపీలో, వార్డులో గడుస్తాయి. ప్రశ్నలు పుట్టేదీ అక్కడే. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిది.

అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అని ఒక రకం ఉంది, క్లుప్తంగా ఏపీఎల్ అంటాం. ఇందులో రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతింటుంది. మెదడులో రక్తస్రావమై మొదటి రోజుల్లోనే మనిషి పోవచ్చు. ఆ గండం దాటితే మాత్రం మిగతా అక్యూట్ ల్యుకేమియాల కన్నా నయమయ్యే అవకాశం ఎక్కువ. 1990ల్లో దీనికి ఏట్రా అనే మందుతో పాటు కీమో ఇచ్చేవాళ్లు. ఆ ఖర్చు మన దేశంలో చాలా కుటుంబాలకు అందనిది. అప్పటికే చైనాలోని హార్బిన్ వైద్యులు ఈ జబ్బుకు ఆర్సెనిక్ వాడి మంచి ఫలితాలు చూశారు. మన ఊళ్లలో పాషాణం అని భయపడే ఆర్సెనిక్కే అది. వెల్లూరు వైద్యులు 1998 నుంచి ఆ ఒక్క మందుతోనే వైద్యం చేసి, 72 మంది ఫలితాలను 2006లో ప్రచురించారు. దాదాపు 86 శాతం మందిలో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది. డబ్బు లేని ఈ మనిషిని ఎలా బతికించుకోవాలి అన్న ఇబ్బందిలోంచి వచ్చిన పరిశోధన అది. 2013లో ఇటలీ, జర్మనీ వైద్యుల ట్రయల్, అంటే రోగుల మీద వైద్యాన్ని పోల్చి చూసే పరీక్ష, ఫలితం వచ్చింది. తీవ్రత తక్కువగా ఉన్న ఏపీఎల్ రోగులకు ఏట్రా, ఆర్సెనిక్ కలిపి ఇస్తే మామూలు కీమో అక్కర్లేదని అది చూపించింది. పెద్ద పరిశోధన అంతా అమెరికాలోనే జరుగుతుందని అనుకునే విద్యార్థులకు ఈ పేపర్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవమని చెబుతాను.

అపోహ: ఒక మేధావికి ఒక రోజు మందు దొరికిపోతుంది.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకి వాడే ఇమాటినిబ్ సంగతి చూడండి. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే పరిశోధకులు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ మరీ చిన్నగా ఉందని గమనించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల అలా జరుగుతోందని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ తారుమారు వల్ల పుట్టే ప్రొటీన్‌ని పట్టుకోవడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. రోగులకు మందు ఇవ్వడం మొదలైంది 1998 జూన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది 2001 మేలో. అంటే 41 ఏళ్లు. మొదట ఆ చిన్న క్రోమోజోమ్‌ని చూసినవాళ్లకు ఇది మాత్రగా మారుతుందని తెలిసే అవకాశమే లేదు.

మందు వచ్చాక కూడా కథ ఆగలేదు. కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటితే ఎవరు కొనగలరు? 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో జెనెరిక్ తెచ్చింది, అంటే అదే మందును తక్కువ ధరకు. పేటెంట్ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న తీర్పుతో ముగిసింది, అసలు కంపెనీకి పేటెంట్ రాలేదు. ధర దిగాకే ఈ మాత్ర మన పల్లెల దాకా వచ్చింది.

అపోహ: ఫలితం రాని ప్రయోగం వృథా.

ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ, ఎందుకంటే నా రంగం మొదలైందే ఒక చెడ్డ ఫలితంతో.

1940ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం పదార్థాలు ఇచ్చి చూశారు. రక్తహీనతకు పనిచేస్తున్నది దీనికీ పనికొస్తుందేమో అని. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా పెరిగింది. తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏం అనుభవించి ఉంటారో. కానీ ఫార్బర్ ఆ ఫలితాన్ని దాచిపెట్టలేదు, దాన్నే పట్టుకుని ఆలోచించారు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే పెరిగే జబ్బు, దాన్ని అడ్డుకుంటే తగ్గాలి కదా?

అడ్డుకునే మందులు తయారుచేసి పంపింది అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు బలితీసుకుంది. ఆ జబ్బుకే పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని తర్వాత ఆయన బృందమే ల్యాబ్‌లో తయారుచేసింది. వాళ్లు పంపిన అమినోప్టెరిన్ అనే అడ్డుకునే మందుని ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి మెరుగైంది. 1948 జూన్‌లో వచ్చిన ఆ పేపర్ శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. జబ్బు తిరగబెడుతుందని దాచకుండా పైనే రాశారు. నా దగ్గర శిక్షణకు చేరే ప్రతి రెసిడెంట్ డాక్టర్‌కీ ఆ శీర్షిక చూపిస్తాను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ల్యుకేమియా పిల్లలకు మేం ఇప్పటికీ ఇస్తున్నాం.

అపోహ: ట్రయల్ అంటే మా మీద ప్రయోగం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తారు.

ఈ భయం ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. అడిగే హక్కు వాళ్లకుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

క్యాన్సర్‌కి పనిచేసే వైద్యం ఇప్పటికే ఉంటే, దాన్ని ఆపేసి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం కుదరదు. సాధారణంగా ఒక గుంపుకి ఇప్పుడున్న వైద్యం, ఇంకో గుంపుకి దానితో పాటు కొత్త మందు, లేదా దాని బదులు కొత్త మందు. ప్రతి ట్రయల్‌నీ ఎథిక్స్ కమిటీ చూడాలి. అందులో డాక్టర్లు కానివాళ్లు, న్యాయం తెలిసినవాళ్లు కూడా ఉంటారు. మన దేశంలో ట్రయల్‌ని ముందే సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి, ఎవరైనా ఆ సైట్‌లో చూసుకోవచ్చు. కన్సెంట్ ఫారం మీకు తెలిసిన భాషలో ఉండాలి. చదవడం రాకపోతే సాక్షి ముందు చదివి వినిపించాలి. మధ్యలో మానేస్తానన్నా మీ మామూలు వైద్యం ఆగకూడదు.

ఫేజ్ 1, అంటే మనుషుల మీద మొదటి దశ ట్రయల్, సంగతి మాత్రం విడిగా చెప్పాలి. అక్కడ ముఖ్యంగా చూసేది ఎంత డోసు వరకు శరీరం తట్టుకుంటుందని. మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. ఇమాటినిబ్ ఫేజ్ 1లో 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం కౌంట్లు మామూలు స్థితికి వచ్చాయి. అలాంటివి చాలా అరుదు. ఆ ఆశ చూపించి ఎవరినీ చేర్చుకోకూడదు.

ఇక ఏ గుంపులో పడతారన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇది ఒప్పించడం అన్నిటికన్నా కష్టం. "డాక్టరమ్మా, మా వాడికి కొత్త మందే వచ్చేట్టు చూడండి" అని ఒక తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. "ఏది మంచిదో నాకు ముందే తెలిస్తే ఈ ట్రయలే పెట్టను అన్నా" అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మన్నాను. రెండు రోజుల తర్వాత వచ్చి వద్దన్నాడు. ఆ అబ్బాయికి మామూలు ప్రోటోకాల్ ప్రకారమే కీమో ఇచ్చాం.

కంపెనీలు డబ్బులిస్తాయి కదా అంటారు. చాలా ట్రయల్స్‌కి ఇస్తాయి, నిజమే. ఎవరిస్తున్నారు, ఏదైనా జరిగితే చికిత్స ఖర్చు, పరిహారం ఎవరు భరిస్తారు అని సంతకం పెట్టే ముందే అడగండి. విసుక్కునే డాక్టర్ దగ్గర చేరకండి.

అపోహ: మందు ఇచ్చి, ఫలితం రాసి, పేపర్ వేస్తే పని అయిపోయింది.

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, హెమటాలజీలో డీఎం ఇంకో మూడేళ్లు. ఇంత చదివాక రీసెర్చ్‌లోకి వచ్చే పిల్లలు జన్యువుల గురించి కలలు కంటూ వస్తారు. నేను మొదట వాళ్ల చేతికి ఫాలో అప్ రిజిస్టర్ ఇస్తాను, రోగులు తర్వాత ఎలా ఉన్నారో రాసుకునే పుస్తకం. కొందరికి నిరాశే.

కానీ ఐదేళ్ల తర్వాత ఎంతమంది బతికున్నారో చెప్పలేకపోతే ఆ వైద్యం పనిచేసిందని ఎలా అంటాం? మన దగ్గర రోగులు కీమో మధ్యలో రావడం మానేస్తారు. ఆరోగ్యశ్రీ కింద వైద్యం దొరికినా బస్సు చార్జీలు, పోయిన కూలి, ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని చూసుకునే మనిషి లేకపోవడం ఉంటాయి. నాట్ల సమయంలో, కోతల సమయంలో నా ఓపీ పలచబడుతుంది. బాగున్నామనిపించి మానేసేవాళ్లూ ఉన్నారు. ఫోన్ నంబర్లు మారిపోతాయి. అందుకే మేం మూడు నంబర్లు తీసుకుంటాం: ఇంటిది, ఒక బంధువుది, ఊళ్లో అందరికీ తెలిసిన ఎవరిదైనా ఒకటి. కిరాణా కొట్టు నంబర్ వల్ల దొరికిన రోగులు నాకు చాలామంది ఉన్నారు.

పేపర్లలో బతికినవాళ్ల శాతం చూపించే గీత మీద చిన్న చిన్న నిలువు గీతలుంటాయి. ఫలానా మనిషి గురించి మాకు చివరగా తెలిసింది ఆ రోజు వరకే అని అర్థం. నా పాత పేపర్‌లో ఆ గీతలు ఎక్కువగానే ఉన్నాయి. వాటిని తగ్గించడానికి శనివారం మధ్యాహ్నాలు నేనూ మా కోఆర్డినేటరూ ఫోన్లు చేస్తాం.

ఒకసారి ఒకావిడ ఎత్తింది. "ఆయన పోయారమ్మా. ఆసుపత్రికి చెప్పాలని మాకు తెలీలేదు" అంది. తేదీ అడిగితే ఆవిడకు గుర్తులేదు. "ముక్కోటి ఏకాదశి వెళ్లిన మూడో రోజు, తెల్లారుజామున" అంది. ఆ పైన దాదాపు అరగంట ఆయన గురించే చెప్పింది, చివరి నెలల్లో ఏం తిన్నాడో, ఎక్కడ నొప్పనేవాడో. నేను వింటూ రాసుకున్నాను. కోఆర్డినేటర్ ఆ ఏటి క్యాలెండర్ వెతికి, తేదీ లెక్కపెట్టి, రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా వేసింది.