గ్లైడర్ రెక్కకు స్పాయిలర్లు: అపోహలు – వాస్తవాలు

స్పాయిలర్ అంటే రెక్క పైన మూతలా తెరుచుకునే సన్నని పలక. ఇక్కడి కొలతలన్నీ బాల్సాతో (తేలికైన చెక్క) కట్టిన, రడ్డరు (తోకలో పక్కలకి తిప్పే పలక)–ఎలివేటరుతోనే (ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక) ఎగిరే, రెక్కల కొస నుంచి కొసకి రెండు మీటర్లుండే రేడియో కంట్రోల్ మోడల్ గ్లైడర్‌కి, అంటే మధ్యలో 200 మి.మీ. వెడల్పున్న రెక్కకి.

అపోహ: గ్లైడర్ ఎలాగూ మెల్లగానే దిగుతుంది, స్పాయిలర్లు దండగ.

వాస్తవం: ఆ మెల్లగా దిగడంతోనే చిక్కు. 10 మీటర్ల ఎత్తు నుంచి ఇది 100 మీటర్లు దాటి సాగిపోతుంది. నేల దగ్గరికొచ్చాక ఇంకా తేలుతుంది. ముక్కు వంచి దించబోతే వేగం పుంజుకుని గట్టు దాటేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం బలమైన థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) చిక్కినప్పుడు ఈ అవసరం మరీ ఎక్కువ. అక్కడి నుంచి నిటారుగా డైవ్ చేసి, ఒక్కసారిగా ఎలివేటర్ లాగితే రెక్క మధ్యలో విరుగుతుంది. స్పాయిలర్లు తెరిస్తే వేగం అదుపులో ఉండగానే కిందికి వస్తుంది.

అపోహ: స్పాయిలర్ అన్నా ఫ్లాప్ అన్నా ఒకటే.

వాస్తవం: ఫ్లాప్ (రెక్క వెనకంచున ఉండే పలక) కిందికి వంగి లిఫ్ట్, అంటే రెక్కని పైకి ఎత్తే బలం, పెంచుతుంది. స్పాయిలర్ పైకి లేచి, తన వెనక గాలిని చెదరగొట్టి లిఫ్ట్‌ని చంపుతుంది. అందుకే స్పాయిలర్ తెరిచినప్పుడు స్టాల్ వేగం (ఇంతకంటే తగ్గితే రెక్క బరువు మోయలేక పడిపోయే వేగం) పెరుగుతుంది. ముక్కు కొంచెం కిందికే ఉంచాలి. ఒకటి రెండు మీటర్ల ఎత్తులో సగం మూసి, అప్పుడు ఎలివేటర్ అందుకోవాలి. పూర్తిగా తెరిచి ఉంచి లాగితే దబ్బున పడుతుంది.

అపోహ: ఎంత పెద్దగా పెడితే అంత బాగా పనిచేస్తాయి.

వాస్తవం: ఒక్కో రెక్కకి 200–250 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు చాలు. పలక ముందంచు స్పార్ (రెక్క పొడవునా బరువు మోసే దూలం) వెనకే, రెక్క వెడల్పులో 35–40 శాతం దగ్గర ఉండాలి. ఇంకా వెనక్కి జరిపితే ప్రభావం తగ్గుతుంది. బాడీకి మరీ దగ్గరగా పెడితే చెదిరిన గాలి తోకని కుదుపుతుంది, కాబట్టి రెండు మూడు రిబ్బులు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు) వదిలి మొదలుపెట్టండి. రెక్క కొస వైపు అసలు వద్దు. అక్కడ ఎడమ కుడి స్పాయిలర్ల మధ్య కొద్ది తేడా ఉన్నా గ్లైడర్ పక్కకి ఒరిగిపోతుంది.

అపోహ: కోసిన రెక్క బలహీనపడుతుంది.

వాస్తవం: స్పార్‌నీ ముందంచు షీటింగ్‌నీ (పైన అతికించిన పలుచని బాల్సా రేకు) ముట్టుకోకుండా కోస్తే పడదు. రిబ్బుల పైభాగాన్ని 4.5 మి.మీ. లోతు మాత్రమే తీయండి: 3 మి.మీ. పలకకి, దాని కింద 1.5 మి.మీ. బాల్సా అడుగుకి. అడుగు అతికించాక గుంటకి ముందూ వెనకా రిబ్బుల మధ్య బాల్సా పట్టీలు వేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కవరింగ్ ఫిల్మ్‌కి ఇస్త్రీ తగలగానే అది ముడుచుకుని వెనక పట్టీని తన వైపు లాగుతుంది. 3 మి.మీ. పట్టీ అయితే మధ్యలో విల్లులా వంగి, పలకకీ దానికీ మధ్య వేలిగోరు దూరేంత సందు పడుతుంది. 6 మి.మీ. పట్టీ వేసి, మూలల్లో చిన్న త్రికోణపు ముక్కలు అతికిస్తే కదలదు.

పలకకి కూడా ఇదే జబ్బు. ఒక వైపే ఫిల్మ్ వేస్తే వంకర తిరిగి కొసలు లేస్తాయి. రెండు వైపులా వేయండి. కర్ర రేఖలు పలక పొడవునా ఉండాలి. కీలు ముందంచున, పైవైపు, ఫిల్మ్ పట్టీతోనే సరిపోతుంది.

అపోహ: ఎదురుగాలే నొక్కి మూసేస్తుంది, వేరే పట్టు అక్కర్లేదు.

వాస్తవం: తెరిచి ఉన్న పలకని గాలి నొక్కుతుంది, నిజమే. మూసి ఉన్నదాన్ని మాత్రం పైకి పీలుస్తుంది, ఎందుకంటే రెక్క పైన పీడనం తక్కువ, లోపల ఎక్కువ. తాడుతో లాగి ఎక్కించేటప్పుడు ఈ పీల్పు మరీ ఎక్కువ. పలక రెండు మి.మీ. లేచినా ఎత్తు నష్టపోతారు, కింద నుంచి అది కనపడదు కూడా. సర్వోకి (రేడియో ఆజ్ఞకి తిరిగే చిన్న మోటారు) కడ్డీతో బిగించిన పలకైతే సర్వోయే పట్టుకుంటుంది. దారంతో లాగే పలకైతే వెనకంచు రెండు కొసల్లో 5 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు పెట్టండి. జిగురు వేసే ముందు ఏ ముఖం ఏ ముఖాన్ని పట్టుకుంటుందో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి.

అపోహ: బాడీలో ఒక సర్వో, రెండు దారాలు ఉంటే చాలు.

వాస్తవం: పనిచేస్తుంది, కానీ ఒక దారం తెగితే ఒక్క వైపే తెరుచుకుంటుంది. రెక్కకొక 9 గ్రాముల సర్వో పెట్టడమే మేలు. వైర్లతో కలిపి 30–40 గ్రాములు పెరుగుతుంది. సర్వోలు స్పార్ పక్కనే ఉంటే సి.జి. (గురుత్వ కేంద్రం) పెద్దగా కదలదు, అయినా మళ్లీ తూచి చూడాలి. వై-కేబుల్ (ఒకే సిగ్నల్‌ని రెండు సర్వోలకి పంచే వైరు) వాడితే రెండు సర్వోల షాఫ్టులూ ఒకే దిక్కుకి, అంటే రెండూ గ్లైడర్ ఎడమ వైపుకే చూడాలి. అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా పెడితే ఒకటి తెరుచుకుంటుంటే రెండోది అడుగుని నొక్కుతుంది. మూసిన స్థితిలో సర్వో గుయ్‌మంటుంటే అది ఊరికే బలం పెడుతోందని అర్థం. ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్ (సర్వో తిరిగే హద్దు) తగ్గించండి.

అపోహ: స్పాయిలర్ తెరిస్తే ముక్కు ఎప్పుడూ కిందికే వంగుతుంది.

వాస్తవం: ఒక్కో గ్లైడర్‌ది ఒక్కో తీరు. కొన్నింట్లో లేస్తుంది. 80–100 మీటర్ల ఎత్తులో ముందు సగం, తర్వాత పూర్తిగా తెరిచి చూసి, ఎలివేటర్ మిక్స్ (స్పాయిలర్‌తో పాటే ఎలివేటర్ తనంతట కదిలే సెట్టింగ్) ఒకటి రెండు మి.మీ.తో మొదలుపెట్టండి. తెరుచుకోవడానికి ఒకటిన్నర సెకను పట్టేలా సర్వో వేగం తగ్గిస్తే కుదుపు ఉండదు.

అపోహ: సిగ్నల్ పోతే స్పాయిలర్లు మూసి ఉండటమే క్షేమం.

వాస్తవం: మూసి ఉంటే గ్లైడర్ థర్మల్ ఎక్కి కనుమరుగవుతుంది. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే సర్వోలు వెళ్లే స్థితిని ముందే పెట్టే సెట్టింగ్) పూర్తిగా తెరిచి, కొద్దిగా రడ్డరు ఇచ్చి పెట్టండి. నేల మీదే ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. మోటారు ఉంటే ముందు ప్రొపెల్లర్ తీసేయండి. రెండు పలకలూ లేచాక వెనకంచుల ఎత్తు స్కేలుతో కొలిచి, తేడా ఒక మి.మీ. దాటితే కడ్డీ సరిచేయాలి.