ముసలి మందారం, కొత్త మొక్క: కొమ్మలు నాటడంలో అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే మా నర్సరీకి ఈ తరహా ఫోన్లు మొదలవుతాయి. "మా అత్తగారు పెట్టిన మందారమండీ. మొదలు మానుకట్టేసింది, పైన నాలుగాకులే మిగిలాయి. కొమ్మలు విరిచి ఎన్నిసార్లు పెట్టినా రావట్లేదు." రాకపోవడానికి చెప్పే కారణాలు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కో రకం. ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: ముసలి చెట్టు కొమ్మ పెడితే వచ్చేది ముసలి మొక్కే.

ఈ నమ్మకం వల్ల పోయినన్ని పాత మొక్కలు పురుగు వల్ల కూడా పోయి ఉండవు. ముద్ద మందారం సాధారణంగా విత్తనం కట్టదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మందారానికి హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అని పేరు పెట్టేనాటికే అది ఆసియా తోటల్లో పాత పువ్వు. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి కొమ్మల మీదే నడిచొచ్చింది. తల్లి వయసు పిల్లకు అంటేదైతే మనదాకా వచ్చేదే కాదు. పైగా పెద్ద చెట్టు కొమ్మకు పూసే ఈడు ముందే వచ్చి ఉంటుంది కాబట్టి, విత్తనపు మొక్క కంటే ముందుగా మొగ్గ వేస్తుంది.

మరి పాత చెట్టు కొమ్మలు ఎందుకు నాటుకోవు? తప్పు చెట్టు వయసుది కాదు, మనం విరిచిన పుల్ల వయసుది. ముసలి మందారం మీద అందుబాటులో ఉండేది బూడిదరంగు బెరడు పట్టిన ముదురు కొమ్మ, లేదంటే చివర్న వడిలిన చిగురు. ముదురు కొమ్మలో వేరుగా మారగల లేత కణాలు తక్కువ, బెరడు లోపల నారపొర గట్టిపడి ఉంటుంది. చిగురు కొమ్మేమో వేరు పుట్టేలోపే నీరు కోల్పోయి కుళ్ళుతుంది. కావలసింది ఈ రెండింటికీ మధ్యది: పెన్సిల్ లావు, పచ్చదనం పోయి గోధుమరంగు ఎక్కుతున్నది, వంచితే కాస్త వంగి టక్కున విరిగేది.

అలాంటి కొమ్మ చెట్టు మీద లేకపోతే పుట్టించుకోవాలి. చలి తగ్గాక, ఫిబ్రవరిలో, ముదురు కొమ్మల్ని మోకాలెత్తున నరకండి. చెట్టు బాగా నీరసించి ఉంటే అన్నీ ఒకేసారి వద్దు, ఆకులున్న కొమ్మలు మూడో వంతైనా ఉంచండి. చెట్టు మొదలు చుట్టూ మాగిన పశువుల ఎరువు వేసి, ఎండాకాలమంతా నీళ్ళు తప్పకుండా పెడితే మృగశిర కార్తె నాటికి మొదలు దగ్గర నిటారుగా కొత్త కొమ్మలు లేస్తాయి. పాత చెట్టు మీద అంతకంటే బాగా వేరుపట్టే కొమ్మ ఇంకెక్కడా దొరకదు. ఈ నాలుగు నెలలు ఆగే ఓపిక లేకే చాలామంది చేతికందింది విరిచి గుచ్చేస్తారు.

వయసు అంటదు సరే, రోగం మాత్రం అంటుతుంది. ఆకుల మీద లేతపసుపు వలయాలు, మచ్చలు వేసే వైరస్ ఒకటి మందారంలో ఉంది. ఆ కొమ్మ నాటితే మచ్చలూ వెంట వస్తాయి, అదే కత్తెరతో పక్క మొక్కను కోస్తే దానికీ పోతుంది. చెట్టుకీ చెట్టుకీ మధ్య కత్తెరను సబ్బునీళ్ళతో బాగా రుద్ది కడగండి. చిగుళ్ళు గుబురుగా ముడుచుకుపోయి ఉంటే లోపల పిండినల్లి ఉందని లెక్క, ఆ కొమ్మ జోలికి పోవద్దు.

అపోహ: రోజూ నిండా నీళ్ళు పోస్తే త్వరగా వేరు పడుతుంది.

అసలు వేరు లేని కొమ్మ నీళ్ళు తాగేదెలా? కోసిన చోట నుంచి పీల్చుకునేది కొంచెమే, ఆకుల నుంచి మాత్రం నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. కొమ్మకు తడి కావలసింది ఎక్కువగా పైన గాలిలో. కింద మట్టిలో వేళ్ళు పుట్టడానికి గాలి ఆడాలి. నాటిన ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు నిలిస్తే కొమ్మ అడుగు నల్లబడి, గిల్లితే మెత్తగా ఊడి వస్తుంది. వర్షాకాలం కొమ్మలకు మంచిదనడంలో ఉన్న అసలు సంగతి గాలిలో తేమే, వానలో నానబెట్టమని కాదు.

మేం చేసేది ఇది. జానెడు కంటే కాస్త చిన్నగా, సుమారు 15 సెంటీమీటర్ల ముక్క, కింద కణుపుకు సరిగ్గా దిగువన ఏటవాలు కోత. పైన రెండాకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరిస్తాం, మిగతా ఆకులు, మొగ్గలు తీసేస్తాం. మొగ్గ ఉంచారంటే కొమ్మలో ఉన్న కాస్త తిండీ పువ్వు తినేస్తుంది. ఇసుక, కొబ్బరిపొట్టు సగం సగం కలిపి అడుగున చిల్లులున్న కవర్లో నింపి, ముందుగా పుల్లతో బెజ్జం చేసి, మూడో వంతు లోపలికి దించి చుట్టూ వేలితో అదుముతాం. తల్లకిందులుగా నాటకుండా చూసుకోండి. ఆకులన్నీ రాలిన కొమ్మల్లో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది, అందుకే కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోయడం. నర్సరీలో షేడ్ నెట్ ఉంటుంది. ఇంట్లో అయితే కవరు మీద అడుగు కోసిన నీళ్ళ సీసా బోర్లించి, నీడపట్టున పెట్టండి. ఆ సీసాను ఎండలో పెడితే లోపల కొమ్మ ఉడికిపోతుంది.

అపోహ: హార్మోన్ పొడి లేకపోతే రాదు. దీనికి జంట అపోహ: తేనె, దాల్చినచెక్క, కలబంద, బంగాళదుంప ఉంటే చాలు.

మామూలు ఎర్ర రేక మందారం, ముద్ద మందారం కొమ్మ సరైనదైతే పొడి లేకుండానే వేరుపడతాయి. పొడిలో ఉండేది ఐబీఏ అనే ఆక్సిన్, అంటే వేర్లు పుట్టడానికి తోడ్పడే హార్మోన్. వేర్లు కాస్త ముందుగా, ఎక్కువగా రావడానికి పనికొస్తుంది, పనికిరాని కొమ్మను మాత్రం బతికించదు. ఎక్కువ పూస్తే అడుగు మాడుతుంది కూడా, అంటించి దులిపేయాలి. దాల్చినచెక్క పొడి బూజును కొంత ఆపుతుందేమో గానీ వేరు పుట్టించదు. బంగాళదుంపలో గుచ్చిన గులాబీ వీడియోలు మీరూ చూసే ఉంటారు. దుంప కుళ్ళుతుంది, దాంతో కొమ్మా కుళ్ళుతుంది. పైకోత మీద పేడ ముద్ద పెట్టడం మనవాళ్ళ పాత అలవాటు. తడి ఆరకుండా మూసేస్తుంది, తప్పులేదు. కింది కోతకు పచ్చిపేడ పూయకండి. రసాయన ఎరువులూ ఇప్పుడే అక్కర్లేదు.

అపోహ: చిగురేసింది, ఇక బతికినట్టే.

తొందరపడకండి. రెండు మూడు వారాల్లో వచ్చే ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చింది. ఈ దశలో ఎండలోకి మార్చినా, పెద్ద కుండీలోకి తీసినా తలవాల్చేస్తుంది. "వేరొచ్చిందా" అని పీకి చూస్తే కోత దగ్గర తెల్లటి బుడిపెలాంటిది కనపడుతుంది. అది గాయం మానిన కండ, వేరు కాదు. మందారానికి అసలు వేర్లు రావడానికి సాధారణంగా నెల, నెలన్నర పడుతుంది. మెల్లగా లాగితే కొమ్మ బిగిసినట్టు ఉండాలి, లేదా కవరు అడుగు చిల్లుల్లోంచి తెల్లవేర్లు కనపడాలి. అప్పుడు సీసాను రోజూ కాసేపు తీసి పెడుతూ అలవాటు చేయండి.

నీళ్ళ గ్లాసులో వేరు తెప్పించడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు, వస్తాయి. కాకపోతే ఆ వేర్లు పెళుసుగా ఉండి మట్టిలోకి మార్చినప్పుడు విరుగుతాయి. ఉన్నవే రెండు కొమ్మలైతే నేరుగా మట్టి కలుపులోనే పెట్టడం నయం.

అపోహ: ఏ మందారమైనా మొదలు దగ్గర లేచిన కొమ్మ తీస్తే అదే పువ్వు పూస్తుంది.

పెరటి నాటు రకాల వరకు నిజమే, మొదలు దగ్గరి కొమ్మే మేలని పైన చెప్పింది వాటికే. అరచేతిని మించిన పువ్వు, రెండు మూడు రంగుల హైబ్రిడ్ కొన్నదైతే అది తరచుగా అంటు మొక్క అయి ఉంటుంది. మొదలు దగ్గర అంటు కట్టిన గుర్తు, చిన్న వంపో బుడిపో, వెతకండి. దాని కింద నుంచి లేచిన కొమ్మ ఎంత బలంగా ఉన్నా అది వేరుమొక్కది, అంటే అంటు కట్టడానికి కింద వాడిన మొక్కది, పూసేది మామూలు ఎర్ర పువ్వే కావచ్చు. అలాంటి చెట్టుకు గుర్తు పైన వచ్చిన కొమ్మలే తీయాలి. అవి వేరు పట్టడం మొండి అయితే గాలి అంటు (కొమ్మను చెట్టు మీదే ఉంచి, బెరడు తీసిన చోట తడి నాచు కట్టి వేరు తెప్పించడం) కట్టించుకోండి. ఏ పద్ధతైనా సరే, కొత్త మొక్క నేలలో నిలదొక్కుకుని ఒక మొగ్గ విచ్చేదాకా పాత మానును తవ్వి తీసేయకండి.