యురేనియం వ్యర్థాల కట్ట: లంబాపూర్ చర్చలో తప్పిపోయిన 1979

నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గని మాట మళ్ళీ లేచింది. 2003 ప్రజాభిప్రాయ సేకరణ, 2019 సెప్టెంబరులో నల్లమల తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ అసెంబ్లీ చేసిన తీర్మానం అందరికీ గుర్తున్నవే. అప్పుడూ ఇప్పుడూ గొడవ ఎక్కువగా గని చుట్టూ, అడవి చుట్టూ తిరుగుతోంది. శుద్ధి కర్మాగారం వెనక వచ్చే వ్యర్థాల మడుగు సంగతి వెనకబడింది. మల్లాపురం దగ్గర అనుకున్న ప్లాంటును దేవరకొండ వైపు శేరిపల్లికి మార్చినప్పుడు ఆ మడుగు కూడా దాని వెంటే కదిలింది.

లంబాపూర్ ఖనిజంలో యురేనియం 0.1 శాతం అటూ ఇటూ. టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది సుమారు కిలో. మిగతాదంతా బురదై గొట్టాల్లో మడుగుకు పోతుంది. రేడియం ఆ బురదలోనే ఉండిపోతుంది గనుక ఖనిజంలోని రేడియోధార్మికత 85 శాతం దాకా అక్కడే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు.

మన చెరువు కట్టను ఒక్కసారే పోసి, గట్టిపరిచి, అలుగు పెడతారు. వ్యర్థాల కట్ట ప్లాంటు నడిచినన్నాళ్లూ ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. కట్ట మీంచి బురద వదిలితే బరువైన ఇసుక కట్ట దగ్గరే పేరుకుంటుంది, మెత్తటి ఒండ్రు, నీరు దూరం జరుగుతాయి. ఆ ఇసుక మేట చెదిరి నీరు కట్టను తాకిందంటే ఊట మొదలైనట్టే. పైగా ఖర్చు మిగులుతుందని కొత్త వరుసను లోపలి బురద మీదే లేపే పద్ధతి ఒకటుంది. 1965లో చిలీలోని ఎల్ కోబ్రేలో భూకంపానికి అలాంటి కట్ట తెగి 200 మందికి పైగా పోయారు. బ్రెజిల్ ఆ పద్ధతిని నిషేధించింది 2019లో, బ్రుమాజిన్యోలో కట్ట తెగి 270 మంది చనిపోయాక. అక్కడ కట్టకు సరిగ్గా దిగువన కార్మికుల క్యాంటీన్ ఉండేది.

మనకు అసలు పాఠం మాత్రం 1979 జూలై 16న అమెరికాలోని చర్చ్‌రాక్‌లో ఉంది. తెగింది యురేనియం మడుగే. పునాది మట్టి ఒక్కోచోట ఒక్కోలా కుంగడంతో పగుళ్లు ముందే కనిపించాయి. నిల్వ మాత్రం అనుమతించిన మట్టం దాటింది, ఇసుక మేట లేకపోవడంతో ఆమ్లపు నీరు నేరుగా కట్టను ఆనుకుంది. సుమారు 35 కోట్ల లీటర్లు ప్వెర్కో నదిలో కలిశాయి. ఆ నీళ్లే నవాహో ఆదివాసుల పశువులకు ఆధారం. విపత్తు ప్రాంతంగా ప్రకటించమని వాళ్లు అడిగితే ఆ రాష్ట్ర గవర్నర్ ఒప్పుకోలేదు. ఐదు నెలలు తిరక్కుండానే ప్లాంటు మళ్ళీ నడిచింది. అదే ఏడాది మార్చిలో త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదానికి మొత్తం ఉలిక్కిపడిన దేశమే ఇది మరి!

మడుగు అడుగున పొర వేస్తాం, చుట్టూ నీటిని పరీక్షిస్తాం అన్నది అధికారుల మాట. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ప్లాంటు మడుగు వల్ల బోర్లు చెడిపోయాయని పక్క ఊళ్ల రైతులు అంటారు, ప్లాంటు నడిపే సంస్థ కాదంటుంది. ప్లాంటు రాకముందు ఆ బోర్లలో నీళ్లెలా ఉండేవో చెప్పే లెక్కలు ఊళ్ల చేతిలో ఉంటేనే ఇలాంటి వాదన తేలుతుంది. శేరిపల్లి చుట్టుపక్కల ఆ పరీక్షలు చేయించుకోవాలంటే కట్ట లేవకముందే చేయించుకోవాలి.